విండోస్ అప్‌డేట్ కేబీ5034441 ఫెయిల్: వెండర్ ఫార్మాట్ చేయాలంటున్నాడు

విజయవాడ_అకౌంట్స్: ఆఫీసులో విండోస్ 10 సిస్టమ్స్ అన్నింట్లో జనవరి 2024 అప్‌డేట్ ఇన్‌స్టాల్ అవ్వట్లేదు. ఎర్రర్ 0ఎక్స్80070643. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) వెండర్ అన్నీ ఫార్మాట్ చేయాలంటున్నాడు. 20న జీఎస్టీ రిటర్న్ ఉంది, టాలీ డేటా వాటిలోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

ఫీల్డ్_ఇంజనీర్: ఫార్మాట్ ఒప్పుకోకండి! రికవరీ పార్టిషన్‌లో (విండోస్ పాడైతే బాగుచేసే ఫైళ్ళుండే డిస్క్ భాగం) 250 ఎంబీ ఖాళీ లేకపోతే వచ్చే ఎర్రర్ ఇది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'reagentc /info' కొట్టండి, ఆ పార్టిషన్ ఎక్కడుందో చూపిస్తుంది. 'reagentc /disable' కొట్టి, డిస్క్‌పార్ట్‌లో (పార్టిషన్లు మార్చే విండోస్ టూల్) సీ డ్రైవ్‌ని 250 ఎంబీ తగ్గించి, రికవరీ పార్టిషన్ మళ్ళీ పెద్దగా చేసి 'reagentc /enable' కొట్టాలి.

వరంగల్_కాలేజీ: ఇంత కష్టమెందుకండీ? అప్‌డేట్ హైడ్ చేసేయండి. మా ల్యాబ్‌లో అదే చేశాం, హాయిగా ఉంది.

ఫీల్డ్_ఇంజనీర్: ల్యాబ్ వేరు, అకౌంట్స్ ల్యాప్‌టాప్ వేరు. సిస్టమ్ చేతికి దొరికినవాడు బిట్‌లాకర్‌ని (డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం) దాటి డేటా చూడగలిగే లోపం ఒకటుంది. దాన్ని మూయడానికే ఈ అప్‌డేట్.

వరంగల్_కాలేజీ: మన చిన్న ఆఫీసుల్లో బిట్‌లాకర్ ఎవరు పెట్టారు? ఊరికే భయపెట్టకండి.

ఫీల్డ్_ఇంజనీర్: కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం పెట్టకపోయినా డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి వస్తోంది. చూసుకోకుండా పార్టిషన్ ముట్టుకుంటే రికవరీ కీ (ఆ తాళం తీసే నంబర్) అడగొచ్చు. అది ఎవరి దగ్గరుంది? పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, తెలిసే చెబుతున్నా.

వరంగల్_కాలేజీ: అనుభవం అందరికీ ఉందండీ. గొంతు పెంచాల్సిన పనిలేదు.

హైదరాబాద్_హెల్ప్‌డెస్క్: ఇద్దరూ ఆగండి. రికవరీ పార్టిషనే లేని సిస్టమ్‌కి ఈ అప్‌డేట్ అక్కర్లేదు, ఎర్రర్ వదిలేయొచ్చని మైక్రోసాఫ్టే రాసింది. ముందు అది తేల్చుకోండి. నా కోపమంతా వెండర్ల మీదే. టికెట్ పెడితే రిమోట్‌లోకి వచ్చి రీస్టార్ట్ చేసి 'క్లోజ్డ్' అని పెట్టేస్తారు. ఏఎంసీ రెన్యువల్‌లో 'కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి' అని రాయించండి. మేం రాయించాక ఫార్మాట్ మాటే తగ్గింది.

నెల్లూరు_నెట్‌వర్క్: మా పాత వెండర్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. అది ముందు తీసుకోండి.

విజయవాడ_అకౌంట్స్: ఒక సిస్టమ్‌లో చూశాను. పార్టిషన్ ఉంది, బిట్‌లాకర్ లేదు. టాలీ బ్యాకప్ తీస్తున్నా. రిటర్న్ అయ్యాకే మిగతాది.

నెల్లూరు_నెట్‌వర్క్: విండోస్ సర్వర్ 2022లో కేబీ5034439 కూడా ఇదే ఎర్రర్. అక్కడా ఇదే పద్ధతా?

ఫీల్డ్_ఇంజనీర్: కారణం అదే. సర్వర్ కాబట్టి ముందు పూర్తి బ్యాకప్ తీయండి.