గుండెపోటు నుంచి కోలుకుంటున్న పెద్దాయన చాటుగా సిగరెట్ కాలుస్తుంటే, ఆయనకు తెలియకుండా డాక్టరుకు చెప్పొచ్చా?

తమ్ముడికొడుకు
మా పెదనాన్నకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఇంటికొచ్చి నెల దాటింది, నడుస్తున్నారు, మాత్రలు టైముకు వేసుకుంటున్నారు, అంతా సర్దుకుంటోంది అనుకుంటుంటే మేడ మీద సిగరెట్ వాసన. అడిగితే "రోజుకు ఒకటి, మహా అయితే రెండు, ఇదివరకు పెట్టె కాల్చేవాణ్ణి, దానికి కూడా ఏడవాలా" అన్నారు. డాక్టరు అడిగితే మాత్రం తడుముకోకుండా "మానేశానండి" అంటారు, నేను పక్కనే కూర్చుని వింటుంటాను. పెద్దమ్మేమో వదిలెయ్ నాయనా, గొడవ పడితే బీపీ పెరుగుతుంది అంటుంది. అన్నయ్య జేబులు వెతుకుతున్నాడు, దాంతో ఇంట్లో రోజూ టెన్షనే. వచ్చే చెకప్‌కు ముందే డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఉంది. అలా చేస్తే ఆయన్ని అవమానించినట్టవుతుందా? మీరైతే ఏం చేస్తారు?

పగలూరాత్రీ
చెప్పేయండి, ఇందులో ఆలోచించడానికేముంది. పరువు ముఖ్యమా ప్రాణం ముఖ్యమా? ఆయన చెప్పిన అబద్ధాన్ని నమ్మి డాక్టరు మందులు రాస్తున్నారు. రేపు ఏదైనా అయితే నువ్వు పక్కనే ఉండి ఎందుకు నోరు విప్పలేదని అడిగేది మిమ్మల్నే.

అరవైదాటినవాడు
నాకూ స్టెంట్ పడింది కాబట్టి మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి చెప్తాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, మెట్లు ఎక్కొచ్చో లేదో అన్నీ పిల్లలే చెప్తారు. ప్రేమతోనే చెప్తారు, కాదనను, కానీ నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషికి అది ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఆయనకు మతి బాగానే ఉంది కదా, ముప్పు ఏమిటో తెలిసే కాలుస్తున్నారు. మీరు చాటుగా డాక్టరుకు చెప్పి, డాక్టరు ఆయన ముందు ఆ మాట ఎత్తితే, ఆ గదిలో ఆయన తల దించుకోవాలి. ఇక ఆ తర్వాత మీకు ఏదీ చెప్పరు. ఇంకోటి కూడా ఆలోచించండి. రేపు ఛాతీలో నొప్పి మొదలైతే, "కాల్చావు కాబట్టే వచ్చింది" అంటారేమోనని భయపడి ఆ నొప్పిని కూడా దాచుకుంటారు. సిగరెట్ కంటే నాకు అదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది.

పగలూరాత్రీ
మీ బాధ అర్థమైంది గానీ, తెలిసే కాలుస్తున్నారు అనే మాట నేను ఒప్పుకోను. అది ఇష్టం కాదు, వ్యసనం. మానాలని ఉన్నా మానలేని మనిషిని ఆయన ఇష్టానికి వదిలేద్దాం అంటే అది గౌరవం ఎలా అవుతుంది?

వార్డునర్సు
గుండె జబ్బుల వార్డులో పని చేస్తాను. ముందు ఆ "రోజుకు ఒకటే" సంగతి తేల్చాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు అక్కడే మెత్తబడిపోతారు. ఇరవై నుంచి ఒకటికి తగ్గితే ముప్పు కూడా ఇరవయ్యో వంతుకు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఎన్ని తాగితే అంత ముప్పు అనే లెక్క కొంతవరకు నడుస్తుంది గానీ గుండె విషయంలో నడవదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 20 కాల్చే మగవాళ్లకు గుండె జబ్బు విషయంలో ఉండే అదనపు ముప్పులో దాదాపు సగం, ఒక్క సిగరెట్ కాల్చేవాళ్లకూ ఉంటుంది. పొగ కొంచెమైనా రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, కొత్తగా స్టెంట్ పడినవాళ్లకు మనం భయపడేది సరిగ్గా దానికే. అదే పూర్తిగా మానేస్తే వచ్చే లాభం కూడా చిన్నది కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద జరిగిన 20 అధ్యయనాలను కలిపి 2003లో చూసినప్పుడు, మానేసినవాళ్లలో మరణం ముప్పు 36 శాతం తక్కువగా కనిపించింది.

ఇక డాక్టరుకు ఎందుకు తెలియాలంటే, తిట్టడానికి కాదు. మానడానికి మందులున్నాయి. నికోటిన్ ప్యాచ్, నికోటిన్ గమ్, వరెనిక్లిన్, బుప్రోపియాన్, ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే, చివరి రెండూ 2021లో చేరాయి. కానీ గుండెపోటు వచ్చిన కొత్తల్లో ఏది ఇవ్వాలి, కిడ్నీ పనితీరును బట్టి డోసు తగ్గించాలా, ఇవన్నీ చూసి ఇవ్వాలి, మీరే కొని ఇచ్చేవి కావు. "మానేశాను" అన్న మనిషికి ఇవేవీ రాయరు కదా. అంటే ఆ అబద్ధం వల్ల ఆయన పోగొట్టుకుంటున్నది ఆ సాయాన్నే.

అరవైదాటినవాడు
నర్సమ్మా, మీరు చెప్పిన లెక్కలు కాదనను. కానీ చాటుగా చెప్పడం సరైనదేనా, దానికి జవాబు చెప్పండి.

వార్డునర్సు
బంధువు చెప్పింది డాక్టరు వినడంలో తప్పు లేదండి. రోగి సంగతులు బంధువుకు చెప్పాలంటేనే రోగి ఒప్పుకోవాలి. అయినా నేను మాత్రం ముందు ఆయనతోనే చెప్పమంటాను. "పెదనాన్నా, ఈసారి డాక్టరు అడిగితే నేను నిజం చెప్తాను, మీరే చెప్తే ఇంకా మంచిది" అని చెకప్‌కు కొన్ని రోజుల ముందే అనేయండి. కోప్పడతారు, పడనివ్వండి. దాచి చెప్పిన మాటకూ చెప్పి చెప్పిన మాటకూ చాలా తేడా ఉంటుంది. ఒకవేళ ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని ఉంటే మాత్రం ఇంత ఓపిక పట్టమనను, ఆక్సిజన్ ఉన్నచోట సిగరెట్ వెలిగిస్తే ముఖం కాలుతుంది, ఇల్లు అంటుకుంటుంది, అప్పుడు వెంటనే చెప్పాల్సిందే.

జేబులు వెతకడం మాత్రం ఈరోజే ఆపించండి. దానివల్ల మానినవాళ్లను నేను చూడలేదు, దాచే చోటు మార్చినవాళ్లనే చూశాను.

మేనకోడలు
మా మేనమామ విషయంలో మేమూ ఇలాగే కొట్టుకున్నాం. ఆయన నిద్రపోయేవారు కాదు, ఎవరితో మాట్లాడేవారు కాదు, సాయంత్రం కాగానే గేటు దగ్గరికి వెళ్లి కాల్చేవారు. సిగరెట్ ఒక్కదాని మీదే మా చూపంతా. తర్వాత తెలిసింది డిప్రెషన్ అని. గుండెపోటు తర్వాత ఐదుగురిలో ఒకరికి అది వస్తుందని డాక్టరే చెప్పారు. దానికి చికిత్స మొదలయ్యాక సిగరెట్ మాట తీసినా మా మీద విరుచుకుపడటం తగ్గింది. మీ పెదనాన్నగారు రాత్రి నిద్రపోతున్నారా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడూ చేస్తున్నారా, అది కూడా గమనించండి.

తమ్ముడికొడుకు
అందరికీ థాంక్స్. నిద్ర సంగతి నాకు తట్టనే లేదు. రాత్రి రెండింటికి కూడా ఆయన గదిలో లైటు వెలుగుతూ ఉంటుంది, పెద్దమ్మ అది వయసు వల్ల అనుకుంటోంది. అన్నయ్యకు జేబుల సంగతి గట్టిగానే చెప్పాను, మొదట ఎగిరాడు, తర్వాత సరే అన్నాడు. అరవైదాటినవాడు గారూ, నొప్పి దాచుకుంటారన్న మాట దగ్గర నాకు నిజంగా భయం వేసింది. అందుకే ముందు అదే చెప్పబోతున్నాను: కాల్చినా కాల్చకపోయినా, నొప్పి వస్తే ఎవరూ ఒక్క మాట అనరు, వెంటనే లేపండి అని. చాటుగా ఫోన్ చేయను. కానీ చెకప్ రోజు ఆయన మళ్లీ "మానేశానండి" అంటే మాత్రం నేను ఊరుకోను.

అరవైదాటినవాడు
ఆ రోజు డాక్టరు గదిలోకి మీ ఇద్దరే వెళ్లండి. ఇంటిల్లిపాదీ వెంట వస్తే ఆయన నోరు విప్పరు.