అప్‌డేట్: "టీమ్‌లో గొడవ వస్తే ఏం చేశారు?" ప్రశ్నకు జవాబు దొరికింది, ఉద్యోగం కూడా

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఏం చెప్పాలని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. ఈ ప్రశ్న దగ్గర నోరు పెగలక రెండు ఇంటర్వ్యూలు పోయాయని చెప్పాను కదా. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో స్టోర్స్ పోస్టుకి సెలెక్ట్ అయ్యాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది జవాబుని నాలుగు ముక్కలుగా చెప్పే స్టార్ (STAR) పద్ధతి: సందర్భం, నా బాధ్యత, నేను చేసింది, ఫలితం. "మేము మేము అనకు, నువ్వేం చేశావో చెప్పు" అన్న అన్నయ్య మాట ఇంకా బాగా పనిచేసింది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేసినప్పుడు లెక్కలో 12 టిక్కీలు (మిర్చి బస్తాలు) తేడా వచ్చి నేనూ తోటి గుమస్తా అరుచుకున్నాం. అదే చెప్పాను. వెంటనే ఇంటర్వ్యూ చేస్తున్న సార్ "తప్పు అతనిదేనా?" అన్నారు. అసలు మెలిక అక్కడే! "ఇద్దరం వేర్వేరు కాగితాల మీద రాసుకున్నాం సార్, నాదీ తప్పే. మర్నాటి నుంచి ఒకే పుస్తకం పెట్టించాను, మళ్లీ తేడా రాలేదు" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు.

బట్టీ పట్టిన ఇంగ్లీషు జవాబులు అక్కర్లేకపోయాయి, సగం ఇంటర్వ్యూ తెలుగులోనే జరిగింది. అరువు తెచ్చుకున్న కోటు ఉక్కపోతకి తప్ప ఎందుకూ పనికిరాలేదు. సోమవారం నుంచి డ్యూటీ.