‘నియంత్రణ’ అంటే అణచడమేనా? టీ కణాల పాఠంలో వచ్చిన సందేహం

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతాను. రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాల గురించి చెబుతూ ‘టీ కణాల వృద్ధిని నియంత్రించే ఉపరితల అణువులు’ అని బోర్డు మీద రాస్తే, ఆ అణువులన్నీ వృద్ధిని ఆపేవేనని పిల్లలు అనుకున్నారు. వాక్యాన్ని ఎలా సరిదిద్దాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: మేడమ్ గారూ, పిల్లల తప్పేమీ లేదు. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, తెగుళ్ల నియంత్రణ అని మనం అన్నప్పుడల్లా తగ్గించడమే ఉద్దేశం కాబట్టి, ఆ మాట వినగానే తెలుగువారి మనసు అణచివేత వైపే పోతుంది. సంస్కృతంలో ‘నియంత’ అంటే గుర్రాలను అదుపులో పెట్టే సారథి అనే అర్థం కూడా ఉంది, కానీ వాడుక తెలుగులో ఆ సారథి ఎప్పుడో దిగిపోయి నిరంకుశ పాలకుడు ఒక్కడే మిగిలాడు.

టీ కణం విషయంలో ఈ లోపం పెద్దదే. టీ కణ గ్రాహకం (టీ కణం ఉపరితలం మీది గుర్తింపు అణువు) ఎదుటి కణం చూపించిన ప్రోటీన్ తునకను గుర్తించినంత మాత్రాన విశ్రాంత స్థితిలో ఉన్న కణం సక్రమంగా విభజన చెందదు. దాని ఉపరితలం మీది సీడీ28 అనే అణువు ఎదుటి కణం మీది బీ7 అణువులను పట్టుకుంటేనే రెండో సంకేతం అందుతుంది, అప్పుడే ఇంటర్‌ల్యూకిన్-2 అనే, విభజనకు తోడ్పడే ప్రోటీన్ తగినంత తయారై కణం పదే పదే విభజన చెందుతుంది. మొదటి సంకేతం ఒక్కటే అంది రెండోది అందకపోతే, కణం స్పందించని మొద్దుస్థితికి చేరుకోవచ్చు. కాబట్టి సీడీ28 చేసేది ‘నియంత్రించడం’ అని రాస్తే అసలు పని తలకిందులవుతుంది, అది పురికొల్పుతుంది.

అణచే పని టీ కణం మీదే ఉండే సీటీఎల్ఏ-4 అనే మరో అణువుది. చిత్రమేమిటంటే ఇది కూడా అదే బీ7 అణువులను, సీడీ28 కంటే గట్టిగా పట్టుకుంటుంది. కణం చైతన్యం పొందాక ఉపరితలానికి ఎక్కువగా వచ్చి, సీడీ28కు దక్కవలసిన బీ7ను లాగేసుకుంటుంది. ఈ అణువు లేని ఎలుకలను 1995లో పరిశీలించినప్పుడు, వాటి టీ కణాలు అదుపు లేకుండా పెరిగి అవయవాలలోకి చొరబడగా, అవి పుట్టిన 3, 4 వారాలకే చనిపోయాయి. పురికొల్పడం శ్రుతి మించినా ముప్పే. 2006లో లండన్‌లో సీడీ28ను నేరుగా ప్రేరేపించే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇస్తే, ఆరుగురూ ప్రాణాపాయ స్థితికి చేరారు.

మరో సభ్యుడు (జనగామ): మన చెరువుల తూములను నడిపే నీరటి నీటిని విడుస్తాడు, ఆపుతాడు కూడా. ‘నియంత్రణ’కు బదులు ‘నీరటితనం’ అంటే పాఠకుడికి రెండు అర్థాలూ అందవా?

జవాబు: మాట ముచ్చటగానే ఉంది, పాఠం చెప్పేటప్పుడు నేనూ వాడతాను. కానీ తూము దగ్గర నిర్ణయించేవాడు ఒక్కడే. ఇక్కడ పురికొల్పే అణువు వేరు, అణచే అణువు వేరు, పైగా రెండూ ఒకే బీ7 కోసం పోటీ పడతాయి. ఆ పోటీ నీరటి బొమ్మలో కనిపించదు. టీ కణం మీదే ఉండే మరో అణచే అణువు పీడీ-1 అయితే బీ7 కోసం పోటీకే రాదు, తన సొంత జోడీని పట్టుకొని కణం లోపలి సంకేతాన్ని మందగింపజేస్తుంది.

అందుకే శీర్షికలో ఒకే పదం వాడక తప్పనప్పుడు ‘క్రమబద్ధీకరణ’ అనండి, అది కాస్త ప్రభుత్వ ఉత్తర్వులా వినిపిస్తుంది గానీ అర్థాన్ని చెడగొట్టదు. వాక్యంలో మాత్రం ఏ అణువు ఏం చేస్తుందో క్రియతోనే చెప్పండి: ‘సీడీ28 టీ కణాల విభజనను పురికొల్పుతుంది, సీటీఎల్ఏ-4, పీడీ-1 దానిని అణచుతాయి.’ ఇలా రాస్తే క్యాన్సర్ మందుల పాఠం కూడా తేలికవుతుంది. 2018 నోబెల్ పొందిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోల పని ఈ అణచే అణువులను అడ్డుకోవడం గురించే. ‘నియంత్రణను నిరోధించే మందు’ అని రాస్తే విద్యార్థి తికమకపడతాడు, ‘అణచే అణువును అడ్డుకునే మందు’ అంటే మొదటిసారే అర్థమవుతుంది.