తెలుగు లిపిలో బట్టీ పట్టిన సూరాలు: నలభై దాటాక తజ్వీద్ నేర్చుకున్నవాళ్ళు ఉన్నారా?

తెనాలి దూదేకుల:
అస్సలాము అలైకుం. మా ఇంట్లో అందరికీ తెలుగే, ఉర్దూ ముక్క రాదు. నమాజుకు కావలసిన సూరాలన్నీ (ఖుర్ఆన్ అధ్యాయాలు) చిన్నప్పుడు తెలుగు లిపి పుస్తకం చూసి బట్టీ పట్టాను. ఇప్పుడు నాకు 42. మసీదుకు కొత్తగా వచ్చిన హజ్రత్ (మత గురువు) ఇషా, అంటే రాత్రి నమాజు తర్వాత పెద్దవాళ్ళకు అరగంట తజ్వీద్, అంటే ఖుర్ఆన్‌ను సరైన ఉచ్చారణతో చదవడం, చెబుతామంటే వెళ్ళాను. ఖుర్ఆన్ మొదటి సూరా ఫాతిహా చదవమన్నారు. బిస్మిల్లాలోనే, మూడో మాట 'రహ్మాన్' దగ్గర ఆపేశారు. "ఆ హ కాదు, ఇది" అని పలికి చూపించారు. ఒట్టు, నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి. పక్కన పదేళ్ళ పిల్లాడు గడగడా చదివేస్తుంటే తల కొట్టేసినట్టయింది. ఈ వయసులో నాలుక తిరుగుతుందా?

కువైట్‌లో కడప:
వ అలైకుం అస్సలాం భాయ్. నాదీ తెలుగు పుస్తకం చదువే. తప్పు మనది కాదు, లిపిది. ఒక్క 'జ' లోనే జీమ్, జాల్, జే, జాద్, జోయ్, అయిదు అరబీ అక్షరాలు ఇరుక్కున్నాయి. 'స' లో మూడు. 'సే' అక్షరాన్ని కొన్ని పుస్తకాల్లో 'థ' అని వేస్తారు, అది ఇంకా ముంచుతుంది. మన 'థ' కి నాలుక పళ్ళ వెనక తగిలి గాలి ఆగుతుంది. 'సే' కి నాలుక కొస పై పళ్ళ అంచు కింద బయటికి కనబడాలి, గాలి ఆగకుండా పోవాలి. దీనికి అద్దం చాలు. నేను గడ్డం గీసుకునేటప్పుడు ప్రాక్టీస్ చేసేవాణ్ణి, రెండుసార్లు కోసుకున్నాను కూడా.

చార్మినార్ గల్లీ:
ఉర్దూ వస్తే పని తేలిక అనుకోకండి. మన హైదరాబాదీల నోట్లో ఖాఫ్ ఉండదు, అన్నీ 'ఖే'లే. మిగతా ఊళ్ళవాళ్ళు మా మాట వినగానే పట్టేస్తారు. ఇరవై ఏళ్ళు 'ఖుల్ హువల్లాహు' అని ఖే తోనే చదివాను. ఖే కి గొంతులో గాలి గీసుకుంటూ పోతుంది. ఖాఫ్ కి నాలుక మొదలు వెనక్కి వెళ్ళి కొండనాలుక దగ్గర తగిలి, గాలి ఆగి, టప్పున విడవాలి. మీరేమో 'క' అంటారు, అది కాఫ్ అవుతుంది. ఖాఫ్‌తో 'ఖల్బ్' అంటే హృదయం, కాఫ్‌తో 'కల్బ్' అంటే కుక్క. ఈ ఒక్క ఉదాహరణ విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

కర్నూలు ఆపా:
మా వీధిలో ఆడవాళ్ళకు నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం) చెబుతుంటాను. తెనాలి భాయ్, హ సంగతి ముందు. కళ్ళద్దాల మీద ఊదండి అని చాలామంది చెబుతారు. అలా ఊదితే వచ్చేది ఛోటీ హే, గొంతు అడుగు నుంచి. మీ 'రహ్మాన్' లో ఉన్నది బడీ హే, అది గొంతు మధ్యలోది, అక్కడ కాస్త బిగించాలి. ఘాటైన మిరపకాయ బజ్జీ తిన్నాక 'హా...' అంటామే, దానికి దగ్గర. ఐన్ కూడా ఆ మధ్య చోటుదే, కాకపోతే స్వరంతో.

ఇంకోటి. తెలుగువాళ్ళకు కలిసొచ్చేవి చాలా ఉన్నాయి, మనకే తెలియదు. షద్దా అంటే మన ద్విత్వమే. మద్ద్ అంటే దీర్ఘం. బడిలో గణవిభజన చేసినవాళ్ళకు మాత్రలు తెలుసు కదా, మామూలు మద్ద్‌కు రెండు మాత్రలు, ఫాతిహా చివరి మాట 'దాల్లీన్' లోని 'దా' కి ఆరు. నా దగ్గరికి వచ్చే ఒకావిడ వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది, ఒక్కసారి తప్పదు. 'కంబళి' లో సున్నను మకారంగానే పలుకుతాం. 'మిన్ బాది' ని 'మింబాది' అని చదవమంటే తెలుగు పిల్లలు ఎందుకని అడగరు, అలాగే వచ్చేస్తుంది. ముక్కులో రెండు మాత్రలు ఆపడం ఒక్కటే నేర్పాలి.

మనకు అడ్డొచ్చేది చివరి 'ఉ'. బస్సు, కారు, పెన్ను అని ప్రతి మాటకీ అచ్చు తగిలించే నోరు మనది. ఇఖ్లాస్ సూరాలో నాలుగు ఆయతులూ (వాక్యాలూ) 'ద్' తో ఆగుతాయి. మనవాళ్ళు 'అహదు', 'సమదు' అంటారు. అక్కడ ఉండాల్సింది ఖల్ఖలా. దాల్ తగిలి చిన్నగా ఎగరాలి, బంతి నేలకు కొట్టినట్టు, అంతే. అచ్చు రాకూడదు. ఖాయిదాలో ఈ ఒక్క పాఠానికి నేను వారం తీసుకుంటాను.

రాత్రి డ్యూటీ:
'వలద్దాల్లీన్' కరెక్టా, 'వలజ్జాల్లీన్' కరెక్టా? మా మసీదులో దీని మీదే పెద్ద గొడవ.

కర్నూలు ఆపా:
ఆ గొడవ ఇక్కడికి తేకండి బాబూ. ఆ అక్షరం మన ద కాదు, జ కాదు. నాలుక పక్క అంచు పై దవడ పళ్ళకు ఆనాలి. రాసి చెబితే వచ్చేది కాదు, ఎదురుగా కూర్చుని పలికించుకోండి.

తెనాలి దూదేకుల:
అయితే ఇన్నేళ్ళ నా నమాజులు? అదే టెన్షన్.

చార్మినార్ గల్లీ:
ఫత్వా ఆలిమ్‌ని అడగాలి, నేను చెప్పను. మా ఉస్తాద్ తప్పుల్ని రెండుగా విడదీసేవారు. అర్థం మార్చేంత పెద్దవి లహ్నె జలీ. 'అన్‌అమ్త' అంటే నీవు అనుగ్రహించావు, 'అన్‌అమ్తు' అంటే నేను అనుగ్రహించాను అయిపోతుంది. ముందు వీటిని సరిచేసుకోవాలి. గున్నా (ముక్కులో ఆపే శబ్దం) తగ్గడం లాంటివి లహ్నె ఖఫీ, మెల్లగా వస్తాయి. తడబడుతూ కష్టపడి చదివేవారికి రెండు పుణ్యాలని హదీసు ఉంది, అది గుర్తుంచుకోండి.

కువైట్‌లో కడప:
షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ పారాయణం వినండి. ఈజిప్టు ఖారీ (ఖుర్ఆన్ పారాయణం చేసేవారు), 1961లో పూర్తి ఖుర్ఆన్ రికార్డు చేశారు. రాగాలు తీయరు, ప్రతి అక్షరం విడిగా వినబడుతుంది. ఒక ఆయతు విని, మీ గొంతు ఫోన్లో రికార్డు చేసి, పక్కపక్కనే వినండి. మొదటిసారి నా గొంతు విని ఫోన్ ఆఫ్ చేసేశాను. అయినా హజ్రత్‌ని వదలొద్దు. నా ఖాఫ్ తప్పని యాప్ ఒక్కసారీ చెప్పలేదు, పక్క గదిలో ఉండే సూడాన్ పెద్దాయన ఒక్క మాటకే పట్టేశాడు.

తెనాలి దూదేకుల (మూడు వారాల తర్వాత):
బడీ హే వచ్చింది! బజ్జీ చిట్కానే పనిచేసింది ఆపా, హజ్రత్‌కి చెబితే పగలబడి నవ్వారు. ఇప్పుడు 'సిరాత్' దగ్గర ఉన్నాను. మొదటి అక్షరం స్వాద్ పరవాలేదట, చివరి అక్షరం తోయ్ ఇంకా మామూలు తే లాగే పడుతోంది. బరువుగా పలకాలని మూతి సున్నాలా చుట్టేస్తున్నాను. ఆ పదేళ్ళవాడే నిన్న నా మోకాలు తట్టి, "అంకుల్, మూతి కాదు, లోపల నాలుక వెనకభాగం పైకి" అన్నాడు. ఈ రాత్రి ఇషా తర్వాత వాడి ముందే మళ్ళీ చదవాలి.