స్పెయిన్‌లో హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఉండబోతున్నాను: తిండి, వంటిల్లు, కాగితాల గురించి సందేహాలు

ప్రశ్న (గుంటూరు అమ్మాయి)

అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో స్పానిష్ చదవడానికి సలమాంకా వెళ్తున్నాను. జూన్ దాకా అక్కడే. కాలేజీ వాళ్లే ఒక కుటుంబంలో ఉంచుతున్నారు. ఇంట్లో అరవై దాటిన ఒక ఆవిడ, వాళ్లబ్బాయి ఉంటారు. మూడు పూటల తిండికీ, బట్టలు ఉతకడానికీ కలిపే డబ్బు కట్టాం. నేను గుడ్డు తింటాను, మాంసం, చేపలు ముట్టను. ఫారంలో "వెజిటేరియన్" అని రాశాను, చాలు కదా? కుక్కర్ తీసుకెళ్లొచ్చా? మా అమ్మ "పరాయి ఇంట్లో అడిగి పెట్టించుకు తినాలా" అని ఒకటే బెంగ పెట్టుకుంది.

జవాబు (వరంగల్, సలమాంకాలో ఏడాది చదివాను)

చాలదు చెల్లీ. అక్కడ చాలా ఇళ్లలో "కార్నె" అంటే పెద్ద మాంసం ముక్క, అంతే. హమోన్, అంటే ఉప్పులో ఊరేసి ఆరబెట్టిన పంది తొడ, కొందరి లెక్కలో మాంసమే కాదు. ట్యూనా సంగతి ఇక అడగొద్దు. నాకు మొదటిరోజు సలాడ్ నిండా ట్యూనా వచ్చింది. రెండోరోజు పప్పు పెట్టారు. లెంతేహాస్ అంటారు, మన మసూర్‌కి దగ్గర చుట్టం. చూడగానే ప్రాణం లేచొచ్చింది. గరిటె తిప్పితే అడుగున చొరీథో, అంటే పంది సాసేజ్ ముక్కలు! మా ఇంటావిడ వాటిని ఏరి పక్కన పెట్టి "ఇప్పుడు తిను" అంది. ఆవిడ తప్పేం లేదు, నేనే సరిగా చెప్పలేదు.

అందుకని బయల్దేరే ముందే మెసేజ్ పెట్టు: "నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్, ని అతున్, ని కాల్దో దె కార్నె." మాంసం, కోడి, చేప, హమోన్, ట్యూనా, మాంసం ఉడికించిన నీళ్లు ఏవీ తిననని. ఆఖరిది మర్చిపోకు, సూపుల్లో అదే ఉంటుంది. బేకరీ వాటిలో కొన్నింటికి పందికొవ్వు వాడతారు. క్రిస్మస్‌కి పెట్టే పోల్వొరోన్, మయోర్కా నుంచి వచ్చే ఎన్సైమాదా అలాంటివే. అడిగి తిను.

తిననివి మాత్రమే చెప్తే ఆవిడ కంగారుపడుతుంది, తినేవీ రాయి. తోర్తీయా దె పటాటాస్ (గుడ్డు, బంగాళాదుంప), పిస్తో (వంకాయ, టమాటా, క్యాప్సికం కూర), పాలకూర శనగలు, గథ్‌పాచో (చల్లటి టమాటా సూపు), "లెంతేహాస్ సిన్ చొరీథో" (చొరీథో వేయని పప్పు). గథ్‌పాచోకి అన్నలాంటిది సల్మొరేహో, దాని మీద హమోన్ ముక్కలు చల్లుతారు, చూసుకో. వారానికి నాలుగుసార్లు తోర్తీయా వస్తే నవ్వుతూ తినేయకు. నేను తిన్నాను, "ఈ పిల్లకి ఇదే ఇష్టం" అని ఏడాదంతా అదే పెట్టారు.

వేళలు ఇంకో కథ. పొద్దున కాఫీ, నాలుగు బిస్కెట్లు. అసలు భోజనం మధ్యాహ్నం రెండున్నర, మూడింటికి. రాత్రి తొమ్మిదిన్నరకి కొంచెం ఏదో. ఒంటిగంటకి కడుపు నకనకలాడుతుంది, బ్యాగులో అరటిపండో, బొకదీయోనో (నిలువునా కోసిన బ్రెడ్ మధ్య ఏదైనా పెట్టింది) ఉంచుకో. అమ్మకి ఫోన్ భోజనం అయ్యాక, నాలుగింటికి చెయ్యి. అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా మన టైము మూడున్నర గంటలు ముందుంటుంది, ఆ తర్వాత నాలుగున్నర. రాత్రి భోజనం అయ్యాక చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది, అమ్మ ఇంకా బెంగపడుతుంది.

ఒక్కటి గట్టిగా చెప్తాను. మన మొహమాటం అక్కడ పనిచేయదు. మనం రెండుసార్లు వద్దని మూడోసారి పెట్టించుకుంటాం. అక్కడ కొందరు మొదటి "వద్దు"కే గిన్నె తీసేస్తారు. అన్నం అడుక్కోవడం కాదది, డబ్బు కట్టిన భోజనం. ఆకలిగా ఉంటే ఉందని చెప్పు.

జవాబు (విజయవాడ, సెవిల్లాలో ఉన్నాను)

అక్క తిండి చెప్పేసింది, నేను స్నానం చెప్తా. బాత్రూం నేలకి నీళ్లు పోయే తూము సాధారణంగా ఉండదు. తొట్టిలోనో షవర్ గదిలోనో నిలబడి, కర్టెన్ లోపలికి వేసుకుని చెయ్యాలి. బకెట్, మగ్గు అలవాటు చొప్పున బయట కానిచ్చేస్తే కింద ఫ్లాట్ కప్పులోంచి చెమ్మ దిగుతుంది. పాత ఇళ్లలో వేడినీళ్లు బ్యూటేన్ సిలిండర్ మీద వస్తాయి. మధ్యలో అయిపోతే ఒంటి నిండా సబ్బుతో బిక్కమొహం వేసుకు నిలబడాల్సిందే. ఐదు నిమిషాల్లో తేల్చెయ్. చాలా ఇళ్లలో టాయిలెట్‌లో జెట్ ఉండదు, చిన్న మగ్గు సూట్‌కేస్‌లో పెట్టుకో, సిగ్గుపడకు.

ఇంకోటి. ఇంట్లో వట్టి కాళ్లతో తిరగకు. మనకి గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మర్యాద. అక్కడ వట్టి కాళ్లంటే జలుబు తెచ్చుకోవడం, పైగా మొరటుతనం. మా సెన్యోరా, అంటే ఇంటావిడ, రోజూ కేకలేసేది. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు విడిగా ఉంటాయి, మొదటిరోజే కొనుక్కో.

వాషింగ్ మెషిన్ శనాదివారాలు వేస్తారు. చాలామంది మీటర్లకి వారాంతం, అర్ధరాత్రి నుంచి పొద్దున ఎనిమిది దాకా కరెంటు చవక. బుధవారం జీన్స్ తడిపి అత్యవసరం అంటే మొహం మాడుతుంది.

ప్రశ్న (గుంటూరు అమ్మాయి)

అన్నా, అక్కా, థాంక్స్! కుక్కర్ సంగతి చెప్పలేదు. ఇంకో మాట, నవ్వకండి. ఒకే పళ్లెంలో అందరూ ఫోర్కులు పెట్టి తింటారట కదా. ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పెరిగాను. ఏం చెయ్యాలి?

జవాబు (వరంగల్)

నవ్వట్లేదు, నాకూ అదే బాధ. సలాడ్ గిన్నె బల్ల మధ్యలో పెడతారు, అందరి ఫోర్కులూ అందులోనే. అందరికంటే ముందు నీ కంచంలోకి కాస్త తీసేసుకో, ఎవరూ ఏమీ అనుకోరు. సంజాయిషీ ఇవ్వబోకు, నీ స్పానిష్‌లో "ఎంగిలి" వివరించేసరికి సలాడ్ అయిపోతుంది. తిన్న వెంటనే చెయ్యి కడుక్కోడానికి లేచిపోకు. బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకోవడాన్ని సొబ్రెమేసా అంటారు. టీవీలో మూడింటి వార్తలు, వాటి మీద వాళ్లబ్బాయి తిట్లు, నేను నేర్చుకున్న స్పానిష్‌లో సగం అక్కడిదే.

కుక్కర్ వద్దు. విజిల్‌కి ఆవిడ గుండె జారిపోతుంది. వంటిల్లు వాడుకునే హక్కు నీ ఒప్పందంలో ఉందో లేదో ముందు చూడు, చాలా ఇళ్లలో ఉండదు. ఆవిడ వంటిల్లు ఆవిడ రాజ్యం. నేను రెండు నెలలు ఆగి ఒక ఆదివారం పప్పుచారు చేస్తానన్నాను. పోపు వేయగానే ఇంటి కిటికీలన్నీ తెరిచారు. తిన్నారనుకో, మిరియాల ఘాటుకే కళ్లలో నీళ్లు. కారప్పొడి, కందిపొడి, చింతపండు తెచ్చుకో. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల పాలపదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి సామానులో తేనివ్వరు. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "నతురాల్" ఉండాలి, "అథుకరాదో" అంటే చక్కెర కలిపింది.

జవాబు (హైదరాబాద్, మాద్రిద్‌లో ఉన్నాను)

అందరూ మురిపెంగా చెప్తున్నారు, నాది వేరే. మా ఇంటావిడకి నేను నెలనెలా వచ్చే అద్దె మాత్రమే. రోజూ ఫ్రీజర్ పిజ్జా, చలికాలంలో రాత్రి తొమ్మిదికే హీటర్ బంద్. నెలన్నర ఓర్చుకున్నా, అదే నా తప్పు. చివరికి ప్రోగ్రాం చూసే మేడమ్‌కి తేదీలు వేసి, ఫోటోలతో మెయిల్ పెడితే వారంలో ఇల్లు మార్చారు. మొదటి పది రోజుల్లోనే తేల్చుకో. సలమాంకా దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం రాత్రి సున్నా కిందికి పోతుంది. హీటర్ ఎప్పుడెప్పుడు వేస్తారో ఇప్పుడే అడుగు.

దానికన్నా ముఖ్యం కాగితాలు. ఆరు నెలలు దాటి ఉంటున్నావు గనక, దిగిన నెలలోపు విదేశీయుల కార్డు (టి.ఐ.ఇ.)కి అప్లై చెయ్యాలి. అపాయింట్‌మెంట్లు అంత తేలిగ్గా దొరకవు, దిగిన రోజు నుంచే వెతుకు. దానికి సాధారణంగా ఎంపద్రొనమియెంతో, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నావని మునిసిపాలిటీలో నమోదు, అడుగుతారు. అందుకు ఇంటావిడ సంతకం కావాలి. కొందరు పన్నుల భయంతో పెట్టరు. దిగాక అడిగితే ఇబ్బంది. ఆవిడ పెడుతుందా అని కాలేజీ వాళ్లతో ఇప్పుడే రాతపూర్వకంగా రాబట్టు.

జవాబు (విజయవాడ)

అన్న చెప్పింది నిజం, సంతకం ముందే అడుగు. రాత్రి ఆలస్యంగా వస్తే ఎవరూ ఏమీ అనరు, భోజనానికి రావట్లేదని చెప్పకపోతే మాత్రం అంటారు. బహుమతిగా కలంకారీ టేబుల్ క్లాత్ పట్టుకెళ్లు, తిండి వద్దు. కలవగానే రెండు బుగ్గలకీ బుగ్గ ఆనిస్తారు, బిగుసుకుపోకు.

అప్‌డేట్ (గుంటూరు అమ్మాయి)

అక్క రాసిచ్చిన మెసేజ్ పంపాను. హీటర్, సంతకం గురించి కూడా అడిగాను. పొద్దున్నే జవాబొచ్చింది. సంతకం పెడతానంది. హీటర్ పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా అట. తిండి గురించి మూడు లైన్లు, అందులో "పొబ్రెసీతా" అని ఉంది, చూస్తే పాపం పిల్ల అని అర్థమట. చివర్లో నా కాలి సైజు అడిగింది. నాకు బాటాలో 4. అక్కడి లెక్కలో ఎంత చెప్పాలి?

జవాబు (విజయవాడ)

37 అని చెప్పు. చెప్పులు కొనకు, కొంటోందావిడ.