డాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు: అడ్రినలిన్ నర్సు ఇవ్వాలా, ఆగాలా?

నైట్‌డ్యూటీ:
30 పడకల నర్సింగ్‌హోమ్ అనుకుందాం. రాత్రి 2 గంటలకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఐవీ (నరంలోకి) వేశారు. 3 నిమిషాల్లోనే పేషెంట్‌కి ఒళ్లంతా దద్దుర్లు, ఛాతీలో పిల్లికూతలు, బీపీ 70/40. డాక్టర్ ఇంటి దగ్గర, ఫోన్ ఎత్తట్లేదు. కేస్‌షీట్‌లో అడ్రినలిన్ (ఇలాంటి ప్రాణాంతక అలర్జీకి ముందుగా ఇచ్చే ఇంజెక్షన్) ఆర్డర్ లేదు. స్టాఫ్‌నర్సు ఏం చేయాలి?

లా_పాయింట్:
ఆర్డర్ లేకుండా ముట్టుకోవద్దంటాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 106(1) చూడండి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 5 ఏళ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి మాత్రం 2 ఏళ్ల దాకానే. ఆ మాటకు అర్థం కూడా అక్కడే ఇచ్చారు: మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అందులోకి రాదు. పాత ఐపీసీ సెక్షన్ 304ఎ కింద ఎవరికైనా 2 ఏళ్లే. ఇప్పుడు ఒకే మంచం దగ్గర డాక్టర్‌కో లెక్క, సిస్టర్‌కో లెక్క.

ఐసీయూ_ఇన్‌ఛార్జ్:
సరే సార్, ఆగితే మాత్రం కేసు రాదా? చేతిలో మందు పెట్టుకుని చూస్తూ నిలబడితే అదీ నిర్లక్ష్యమే అంటారు. పైగా మనిషి పోతాడు.

అసలు చేయాల్సింది చాలా తక్కువ. యాంటీబయాటిక్ ఆపి సెట్ మార్చాలి, కాన్యులా (నరంలో పెట్టిన గొట్టం) తీయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. ఆయాసం ఎక్కువుంటే తల వైపు కొంచెం లేపొచ్చు గానీ బాత్రూమ్‌కని నిలబెట్టారో, గుండె అక్కడే ఆగొచ్చు. అడ్రినలిన్ 1 ఎంఎల్ ఆంప్యూల్‌లో 1 మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవాళ్లకు అందులో సగం, అంటే 0.5 ఎంఎల్, తొడ మధ్యలో బయటివైపు కండలోకి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. ఆక్సిజన్, సెలైన్ దాంతోపాటే.

తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి, ముందు ఎవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) వేసి "చూద్దాం" అనడం. అవి దద్దుర్లకు పనికొస్తాయేమో గానీ పడిపోయిన బీపీని లేపవు. రెండోది ఇంకా ఘోరం: కంగారులో ఆంప్యూల్ మొత్తం ఐవీలో నెట్టేయడం. 1 మిల్లీగ్రాము ఐవీ అనేది గుండె ఆగినప్పటి డోసు. కొట్టుకుంటున్న గుండెకు అదిస్తే లయ తప్పుతుంది. లా_పాయింట్ గారు భయపెడుతున్న కేసు వస్తే ఇక్కడ రావాలి, కండలోకి ఇచ్చిన 0.5 ఎంఎల్‌కి కాదు.

పీహెచ్‌సీ_సిస్టర్:
టీకాల రోజున ఏఎన్ఎం దగ్గర అనాఫిలాక్సిస్ (ప్రాణాంతక అలర్జీ) కిట్ ఉంటుంది. బిడ్డ పడిపోతే వయసుకు తగ్గ ఒక డోసు కండలోకి ఇచ్చి రెఫర్ చేయమని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఊళ్లో చెట్టుకింద ఏఎన్ఎం ఇవ్వగలిగింది ఆస్పత్రిలో జీఎన్ఎం కోర్సు చేసిన స్టాఫ్‌నర్సు ఇవ్వకూడదా? ఒక్క మాట, పిల్లలకు కిలోకి 0.01 ఎంఎల్, 15 కిలోలైతే 0.15. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అది 6వ గీత. పెద్దవాళ్లకు మాత్రం ఆ పొట్టి సూది కొవ్వులోనే ఆగిపోతుంది, వాడొద్దు.

లా_పాయింట్:
ఏఎన్ఎంకి ధైర్యం ఆ కాగితమే సిస్టర్. మీ నర్సింగ్‌హోమ్‌లో అదేది? ఎమర్జెన్సీలో వైద్యం నిరాకరించొద్దన్న 1989 పర్మానంద్ కటారా తీర్పు డాక్టర్ల బాధ్యత గురించి. క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోర నిర్లక్ష్యం ఉండాలన్న 2005 జేకబ్ మాథ్యూ తీర్పూ డాక్టర్ కేసులోదే. నర్సు తరఫున వాటిని వాదించొచ్చు, కాదనను. న్యాయ సంహితలోని సెక్షన్ 30 మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది: సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషికి మేలు కోసం సద్బుద్ధితో చేసింది నేరం కాదు. కానీ అది కోర్టులో మనం నిరూపించుకోవాల్సిన రక్షణ, అరెస్టును ఆపే తాయెత్తు కాదు.

ఐసీయూ_ఇన్‌ఛార్జ్:
అయితే గొడవ మందుతో కాదు, కాగితంతో. స్టాండింగ్ ఆర్డర్ (ముందే రాసిపెట్టిన ఆదేశం) ఒక్క పేజీ చాలు: ఏ లక్షణాలుంటే, ఎంత డోసు, ఏ దారిలో, ఎన్నిసార్లు, తర్వాత ఎవరికి ఫోన్, కింద మెడికల్ సూపరింటెండెంట్ సంతకం, తేదీ. ఎమర్జెన్సీ ట్రాలీకి అతికించాలి. ఫోన్‌లో ఆర్డరొస్తే "అడ్రినలిన్ 0.5 ఎంఎల్, ఐఎం (కండలోకి), తొడకు" అని తిరిగి చదివి, రెండో సిస్టర్‌ని వినమని, డాక్టర్ వచ్చాక సంతకం తీసుకోవాలి. నోట్స్‌లో 2.03 రియాక్షన్, 2.04 మొదటి కాల్, 2.05 ఇంజెక్షన్ అని నిమిషాలతో రాయాలి. తప్పు రాసి కొట్టేస్తే ఒక్క గీత, పక్కన పొడి సంతకం. వైట్‌నర్ పూశారంటే సరైన ఎంట్రీని కూడా ఎవరూ నమ్మరు.

నైట్‌డ్యూటీ:
మేనేజ్‌మెంట్ సంతకం పెట్టనంటే?

లా_పాయింట్:
అడిగినట్టు లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి. అప్పుడు కోర్టులో వాళ్లూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.