గని పూడ్చిన నేల: ఉపగ్రహానికి పచ్చగా కనిపిస్తే సరిపోతుందా?

మట్టిదిబ్బ:
గని తవ్వేటప్పుడు పైనుంచి తీసి పోసిన మట్టీ రాళ్ల దిబ్బను (ఓబీ దిబ్బ) చదును చేసి, పైమట్టి పరిచి, గడ్డి గింజలు చల్లి, మొక్కలు నాటి ఆరేళ్లయిందనుకోండి. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం ఏటా పెరుగుతోంది. ఇక నేల మీద పెట్టి, లోపల ఎంత మేర మొక్కలు కప్పాయో చూసే చదరపు మీటరు చట్రాలు మోసుకుని నేలంతా తిరగడం దండగ అనే వాదన వినిపిస్తోంది. నాకది మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

పిక్సెల్:
దండగే. వంద హెక్టార్లలో 50 చట్రాలు వేస్తే చూసేది 50 చదరపు మీటర్లు, అంటే ఇరవై వేలలో ఒక వంతు. పైగా ముళ్లూ రాళ్లూ లేని చోటే చట్రం పడుతుంది, మనుషులం కదా. సెంటినెల్-2 ఉపగ్రహం పది మీటర్ల పిక్సెళ్లతో, అంటే చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్ల చదరంగా, నేలంతా చూస్తుంది, మబ్బు లేకపోతే కొద్ది రోజులకోసారి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలైతే 1972 నుంచీ ఉన్నాయి. గని తవ్వకముందు అక్కడ ఏముండేదో ఏ చట్రం చెబుతుంది?

గడ్డిపరక:
పిక్సెల్ గారూ, ఇరవై వేలలో ఒక వంతు అనగానే భయమేస్తుంది గానీ, ఆ లెక్కకు ఇక్కడ పనిలేదు. అంచనా ఎంత గట్టిదన్నది ఎన్ని చట్రాలు వేశాం, చట్రానికీ చట్రానికీ ఎంత తేడా వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేలలో ఎన్నో వంతు చూశామన్నది దాదాపు లెక్కలోకే రాదు. చోటును మనిషి ఎంచుకోకుండా, కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఇచ్చిన బిందువుల దగ్గరే చట్రం వేస్తే మీ రెండో అభ్యంతరమూ పోతుంది, ముళ్లు గుచ్చుకున్నా సరే.

అసలు చిక్కు పైనుంచి కనిపించేదానితోనే. ఉపగ్రహ చిత్రాల నుంచి పచ్చదనాన్ని లెక్కగట్టే ఎన్‌డీవీఐ అంటే, నేల నుంచి తిరిగొచ్చే సమీప పరారుణ కాంతిలోంచి ఎర్ర కాంతిని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె. ఆకు పచ్చగా ఉందని చెబుతుంది, ఏ మొక్క ఆకో చెప్పదు. నేలంతా సర్కారు తుమ్మ కమ్మేసినా అంకె ముచ్చటగానే ఉంటుంది. ఎండుగడ్డి, రాలిన ఆకులు వానదెబ్బ నుంచి మట్టిని కాపాడతాయి, వాటికేమో అందులో మార్కులే లేవు. ఇక చెట్ల కొమ్మలు పైన కలిసిపోయిన చోట కింద నేల బోడిగా ఉండి, వాలు పొడవునా వాన కోసిన చాళ్లు కనిపిస్తాయి. పిక్సెల్‌కు అది అడవి!

పిక్సెల్:
చాళ్ల మాట ఒప్పుకుంటాను. మరి చట్రాల వాళ్లో? ఒక ఏడు వానలు పడ్డ పదిహేను రోజులకు కొలుస్తారు, మరుసటి ఏడు ఎండలు ముదిరాక. చట్రంలో మొక్కలు కప్పిన నేల ఒకరి కంటికి 40 శాతమైతే ఇంకొకరికి 60. ఇందులో నేల మారిందా, కొలిచే మనిషి మారాడా?

గడ్డిపరక:
అందుకే కంటి అంచనా మానేసి, టేపు పరిచి, సమాన దూరాల్లో సూది దింపి, ఆకు తగిలిందో, రాయి తగిలిందో, వట్టి మట్టో రాసుకుంటారు. తేదీ విషయంలో మాత్రం మీతో వాదన లేదు.

నీటిచుక్క:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఎంత శాతం వస్తే నేల కోలుకున్నట్టు?

మట్టిదిబ్బ:
అన్నిచోట్లా చెల్లే అంకె లేదండీ. ఉపరితల బొగ్గు గనుల నేలను బాగుచేయడంపై అమెరికా తెచ్చిన 1977 చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, మొక్కలు నేలను కప్పిన మేర ఆ చోటికి ఆమోదించిన ప్రమాణంలో కనీసం 90 శాతం ఉండాలి. నన్ను ఆకట్టుకున్నది ఆ శాతం కాదు, నేలకు గని యజమాని బాధ్యుడిగా ఉండాల్సిన గడువు లెక్కించే తీరు. అదనపు విత్తనం, ఎరువు, నీటి తడి ఆపిన తరువాతే లెక్క మొదలు. అక్కడి నుంచి అయిదేళ్లు, ఏటా 26 అంగుళాలు అంతకంటే తక్కువ వాన పడే చోట పదేళ్లు. ట్యాంకరు తిరుగుతున్నంత కాలం గ్రాఫు ఎంత పైకి వెళ్లినా అది ట్యాంకరు గొప్పే.

పిక్సెల్:
ట్యాంకరు ఆగాక గ్రాఫు ఎలా వంగిందో చూపేదీ ఉపగ్రహమే కదా! సరే, నేలను పచ్చదనాన్ని బట్టి ముక్కలుగా నేను విడదీస్తాను, ప్రతి ముక్కలో చట్రాలు మీరు వేయండి. ముందుగా వాలు మీది బాగా పచ్చని ముక్కకే వెళ్లండి. కింద బోడిగా ఉంటే ఫోటో పెట్టండి.

గడ్డిపరక:
పెడతాను. చాళ్ల లోతు తెలిసేలా పక్కన స్కేలు కూడా ఉంచి.